1957 ఫిలడెల్ఫియా ‘పెట్టెలో బాలుడు’: డీఎన్‌ఏ 1998లోనే తీశారు కదా, పేరు తెలియడానికి 2022 దాకా ఎందుకు పట్టింది?

గోదారిగట్టు:

‘బాయ్ ఇన్ ది బాక్స్’ కేసు మీద తెలుగులో వచ్చిన వీడియోలన్నీ ఒకే బాణీలో ఉన్నాయి. పొదల్లో అట్టపెట్టె, అందులో బాబు శవం, అరవై అయిదేళ్ల మిస్టరీ, ఆఖర్న ‘డీఎన్‌ఏతో గుట్టు రట్టు’. మధ్యలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు.

పెట్టె ఏ దుకాణం నుంచి వచ్చిందో తెలిసింది. దుప్పటి ఎక్కడ నేసి ఉంటారో తెలిసింది. పక్కన పడున్న టోపీ తయారుచేసిన దుకాణం కూడా దొరికింది. ఇన్ని దొరికాక ఒక్క ఇంటి గుమ్మం దాకా ఎందుకు వెళ్లలేకపోయారు? 1998లో సమాధి తవ్వి డీఎన్‌ఏ తీశారు, మరి 2019లో మళ్లీ తవ్వడం దేనికి? ఎవరో దూరపు చుట్టంతో డీఎన్‌ఏ కలిసిందంటున్నారు. దూరపు చుట్టం నుంచి సరిగ్గా ఈ బాబు పేరు దాకా ఎలా వచ్చారు? తల్లిదండ్రులెవరో తెలిశాక కూడా చంపిందెవరో ఎందుకు చెప్పరు?

ఊహాగానాలు వద్దండి, అవి కావలసినన్ని ఉన్నాయి. రికార్డులో నిలబడేవి చెప్పండి.

పాతఫైలు:

మొదటి ప్రశ్న వరకు నేను చెబుతాను. డీఎన్‌ఏ సంగతి ల్యాబ్‌కోటు గారు చూసుకుంటారు.

చోటు: ఫిలడెల్ఫియా ఈశాన్య కొసన ఫాక్స్ చేజ్, సస్క్వెహన్నా రోడ్డు పక్కన జనం చెత్త పారబోసే తుప్పలు. 1957 ఫిబ్రవరి 25న ఒక కాలేజీ విద్యార్థి చూశాడు, పోలీసులకు మర్నాడు గానీ చెప్పలేదు. అతనికంటే ముందే, బొచ్చు కోసం మస్క్‌రాట్‌లను (నీటి ఎలుకల్లాంటివి) పట్టే కుర్రాడొకడు చూశాడు. చెబితే తన ఉచ్చులు లాక్కుంటారని నోరు మెదపలేదు.

చలికాలం కాబట్టి శరీరం పెద్దగా పాడవలేదు. ముఖం గుర్తుపట్టేలా ఉంది, అది మేలే. కానీ అదే చలి వల్ల ఎప్పుడు చనిపోయాడో తేలలేదు. రెండు మూడు రోజులు కావచ్చు, రెండు మూడు వారాలూ కావచ్చు. ఈ ఒక్క దెబ్బతో సగం దర్యాప్తు పోయినట్టే. ‘ఫలానా రోజు రాత్రి ఎక్కడున్నావు’ అని ఎవర్నైనా అడగాలంటే ముందు ఆ ఫలానా రోజు ఏదో తెలియాలి కదా.

శరీరం మీద బట్టలు లేవు, దుప్పటిలో చుట్టి ఉంది. జుట్టు అడ్డదిడ్డంగా, అప్పుడే కత్తిరించినట్టుంది. వెంట్రుకల ముక్కలు ఒంటికి అంటుకునే ఉన్నాయి. గోళ్లు మాత్రం శుభ్రంగా తీసి ఉన్నాయి. కుడి అరచెయ్యి, అరికాళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. అంటే చావుకు కాస్త ముందో వెనకో నీళ్లలో ఉన్నాడు. చావుకు కారణం తలకు, ఒంటికి తగిలిన మొద్దు దెబ్బలు. గడ్డం కింద ఎల్ ఆకారపు మచ్చ, గజ్జల దగ్గరా చీలమండ దగ్గరా శస్త్రచికిత్స మచ్చల్లాంటివి కనిపించాయి. చీలమండ మచ్చ, నరంలోకి మందో రక్తమో ఎక్కించడానికి కోసే కోతలా ఉంది. అల్ట్రావయొలెట్ దీపం కింద ఎడమ కన్ను నీలంగా మెరిసింది. కంటి పరీక్షల్లో వాడే రంగుమందు వేసి ఉంటారనుకున్నారు. ఇవన్నీ చూస్తే ఏదో ఆసుపత్రి ఈ బాబుని ఎరిగే ఉండాలి. ఆసుపత్రుల రికార్డులు తిరగేశారు. ఫలితం లేదు. పేరు తెలియకుండా, మచ్చ ఆధారంగా కాగితాల గుట్టలో ఒక పిల్లాణ్ని వెతకడమంటే, కార్డులన్నీ పేర్ల వరసలో పెట్టిన 1957లో అది అయ్యే పనేనా?

ఇక వస్తువులు. అట్టపెట్టె పసిపిల్లల తొట్టెది. జె.సి. పెన్నీ సంస్థ అప్పర్ డార్బీ 69వ వీధి దుకాణంలో అమ్మింది. ఆ దుకాణానికి వచ్చిన తొట్లు డజను, ఒక్కోటి ఏడున్నర డాలర్లు. డజనే కదా, పట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ పెన్నీ దుకాణాలు అప్పట్లో చేతి డబ్బుకే అమ్మేవి, కొన్నవాళ్ల పేర్లు రాసుకోవలసిన పని లేదు. పత్రికల్లో వేయించి కొన్నవాళ్లని పిలిపించారు. చాలామంది తేలారు, అందరూ కాదు. పైగా ఆ చోటే చెత్తకుప్ప. తొట్టె కొన్నవాళ్లు పెట్టె బయట పారేస్తే ఇంకెవరో ఏరుకుని ఉండొచ్చు. కాబట్టి పన్నెండు మందీ దొరికినా కేసు తేలేదని గట్టిగా చెప్పలేం.

దుప్పటి గళ్ల ఫ్లానెల్, చవకరకం. కొత్తగా ఉతికినట్టుంది, చవక దారంతో చిరుగు కుట్టి ఉంది, ఒక ముక్క కత్తిరించేశారు. ఉత్తర కరోలినాలోని మిల్లులో గానీ, కెనడాలో క్యుబెక్ మిల్లులో గానీ నేసి ఉంటారని తేల్చారు. వేలకు వేలు నేసిన సరుకు అది. నీలం కార్డురాయ్ టోపీ దక్షిణ ఫిలడెల్ఫియాలో ఒక చిన్న దుకాణంలో తయారైంది. తోలు పట్టీ వేయించుకున్న మనిషి యజమానురాలికి గుర్తున్నాడు గానీ పేరు లేదు, చిరునామా లేదు. అసలు ఆ టోపీకి ఈ చావుతో సంబంధం ఉందని కూడా రుజువు కాలేదు.

మూడింటికీ ఒకటే జబ్బు. తయారుచేసినవాడి వైపు దారి ఉంది, కొన్నవాడి వైపు లేదు.

ముఖం చూపించి వెతకడం ఇంకో దారి. 4,00,000 కరపత్రాలు వేశారు, గ్యాస్ బిల్లులతో పాటు ఇంటింటికీ పంపారు. బాబుకి బట్టలు తొడిగి, కూర్చోబెట్టి ఫోటో తీశారు, బతికుండగా చూసినవాళ్లు గుర్తుపడతారేమోనని. పోలీసు శిక్షణలో ఉన్న 270 మంది తుప్పలన్నీ గాలించారు. నిజానికి 1957 వాళ్లని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. గుర్తుపట్టాలంటే బాబుని బయటివాళ్లు చూసి ఉండాలి, చూసినవాళ్లు ‘పిల్లాడు కనబడటం లేదేం’ అనుకుని ఉండాలి. తప్పిపోయాడని ఫిర్యాదే లేదు. వేలిముద్రలు, పాదముద్రలు తీశారు, కానీ నాలుగేళ్ల పిల్లాడి వేలిముద్ర ఏ ఫైల్లో ఉంటుంది? ప్రసూతి ఆసుపత్రులు పుట్టగానే పాదముద్ర తీసేవి నిజమే. పసికందు చర్మం మీద గీతలు సన్నం, సిరా ఎక్కువైతే నల్ల మచ్చ తప్ప గీత పడదు. పోల్చడానికి రెండో ముద్ర పనికొచ్చేదై ఉండాలి కదా.

దొరికిన పేర్లని మాత్రం ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చారు. హంగరీ నుంచి 1956లో వచ్చిన శరణార్థుల్లో ఒక బాబు ఫోటో అచ్చం ఇలాగే ఉంది. 11,000కి పైగా పాస్‌పోర్టులు తిరగేసి పట్టుకుంటే, ఆ పిల్లాడు ఉత్తర కరోలినాలో పెరట్లో ఆడుకుంటున్నాడు.

ల్యాబ్‌కోటు:

1998 సంగతి. సమాధి తవ్వి పంటి నుంచి డీఎన్‌ఏ తీశారు, అదే ఏడాది నవంబరు 11న ఐవీ హిల్ శ్మశానవాటికలో మళ్లీ పూడ్చారు. అప్పుడు వచ్చింది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. ‘డీఎన్‌ఏ తీశారు’ అనే ఒక్క మాట రెండు వేరువేరు పనుల్ని కప్పేస్తోంది, గందరగోళమంతా దానివల్లే.

కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, అందులోని డీఎన్‌ఏ అమ్మది ఒక ప్రతి, నాన్నది ఒక ప్రతి. కేంద్రకం బయట మైటోకాండ్రియాలో చిన్న గుండ్రటి డీఎన్‌ఏ ఉంటుంది, మొత్తం 16,569 అక్షరాలు (డీఎన్‌ఏ గొలుసులో వరసగా ఉండే నాలుగు రకాల రసాయనాల్ని అక్షరాలంటాం). ఇది ఒక్కో కణంలో వందలు, వేల ప్రతులుగా ఉంటుంది. నలభై ఏళ్లు మట్టిలో ఉన్న పంట్లో కేంద్రకం డీఎన్‌ఏ ముక్కలైపోయినా, ఇన్ని ప్రతుల్లో ఏదో ఒకటి మిగులుతుంది. అందుకే పాత ఎముకల్లో ముందు దొరికేది ఇదే.

ఇబ్బంది ఏమిటంటే ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, దాదాపు మార్పు లేకుండా వస్తుంది. మీరు, మీ అమ్మ, మీ అమ్మమ్మ, మీ మేనమామ, మీ అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు అందరిదీ ఒకటే. ఎన్నో తరాల కిందట విడిపోయి ఒకరినొకరు ఎరగని కుటుంబాలది కూడా ఒకటే కావచ్చు. కాబట్టి ‘ఇతను వీడే’ అని చెప్పడానికి చాలదు. ‘ఇతను వాడు కాదు’ అని చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అలాగే వాడారు కూడా. 1955లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో దుకాణం బయట నుంచి మాయమైన బాబు ఇతనేనని ఏళ్ల తరబడి ఒక వాదన ఉండేది. 2003లో ఆ కుటుంబంతో పోల్చి చూసి కాదని తేల్చేశారు.

కేంద్రకం డీఎన్‌ఏ దొరికి ఉన్నా 1998లో లాభం లేదనే నా అభిప్రాయం. అమెరికా జాతీయ డీఎన్‌ఏ డేటాబేస్ మొదలైందే ఆ ఏడాది అక్టోబరులో. అందులో చూసేది 13 ఎస్‌టీఆర్ గుర్తులు (2017 నుంచి 20), అంటే చిన్న అక్షరాల వరస మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు. ఈ గుర్తులు నేరుగా అదే మనిషినో, అమ్మానాన్నలనో, పిల్లలనో పోల్చడానికి సరిపోతాయి. దూరపు చుట్టాన్ని పట్టలేవు. 1950ల్లో పుట్టిన పిల్లాడి డీఎన్‌ఏ అందులో ఉండదు, కుటుంబం తప్పిపోయాడని చెప్పలేదు కాబట్టి వాళ్ల శాంపిళ్లూ ఉండవు. తాళం చెవి ఉంది, తలుపు లేదు.

2019 ఏప్రిల్‌లో రెండోసారి తవ్వేనాటికి అడిగే ప్రశ్నే మారిపోయింది. ఇప్పుడు కావలసింది 20 గుర్తులు కాదు, జీనోమ్ (మనిషి మొత్తం డీఎన్‌ఏ) అంతటా పరుచుకున్న లక్షల స్నిప్‌లు, అంటే ఒక్కో అక్షరం తేడాలు. మామూలుగా ఉమ్మితో చేసే వంశవృక్షం కిట్లు ఆరేడు లక్షల స్నిప్‌లు చదువుతాయి. పాత ఎముక డీఎన్‌ఏని ఆ కిట్లు వాడే చిప్ మీద వేస్తే చేతికొచ్చేది చెత్తే. కారణాలు మూడు.

డీఎన్‌ఏ ముక్కలు చిన్నవైపోతాయి. ఎస్‌టీఆర్ పరీక్షకి సుమారు 100 నుంచి 450 అక్షరాల ముక్క తెగకుండా కావాలి. పాత ఎముకల్లో వంద లోపు ముక్కలే ఎక్కువ. అందుకే పొడవైన గుర్తులు ముందు మాయమవుతాయి, చిన్నవి మిగులుతాయి, సగం సగం ఫలితం వస్తుంది.

రెండోది, దొరికిన డీఎన్‌ఏలో మనిషిది కొంచెమే. మట్టిలోని బాక్టీరియా, బూజు ఎముకలోకి దూరి ఉంటాయి. చదివిన ముక్కల్లో నూటికి తొంభై మనిషివి కాకపోవడం మామూలే. మనిషి డీఎన్‌ఏ కోసం దుంపలు తవ్వి చేటలో మట్టి చెరిగినట్టే ఉంటుంది పని. పైగా తవ్వినవాళ్ల, 1957లో ముట్టుకున్నవాళ్ల డీఎన్‌ఏ కలిసిపోయే ప్రమాదం. అందుకే ఎముక పైపొరని గీకి, అల్ట్రావయొలెట్ కింద పెట్టి, ఆ తర్వాతే లోపలి భాగాన్ని పొడి చేస్తారు.

మూడోది మోసపూరితమైంది. కాలం గడిచేకొద్దీ ముక్కల చివర్లలో సైటోసిన్ అనే అక్షరం రసాయనికంగా మారిపోయి, యంత్రానికి ‘టి’లా కనిపిస్తుంది. అంటే ఉన్న అక్షరాన్ని తప్పుగా చదువుతాం. పట్టించుకోకపోతే లేని తేడాలు పుట్టుకొచ్చి, నిజమైన చుట్టం పరాయివాడిలా కనిపిస్తాడు. ఎంజైముతో ముందే శుభ్రం చేయడమో, ముక్కల చివరలు కత్తిరించి లెక్కలోంచి తీసేయడమో చేయాలి.

ఈ మూడింటినీ దాటడానికి జీనోమ్ మొత్తం సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదవడం) చేసి, చిన్న ముక్కల్నే కోట్లలో చదివి, కంప్యూటర్‌లో పేర్చాలి. ఈ కేసులో ఆ పనిని ఐడెంటిఫైండర్స్ ఇంటర్నేషనల్ చేపట్టింది, కొలీన్ ఫిట్జ్‌పాట్రిక్ సంస్థ. పోల్చడానికి పనికొచ్చే స్థితికి తేవడానికే రెండున్నరేళ్లు పట్టింది. ‘డీఎన్‌ఏ తేల్చేసింది’ అని వీడియోలో అర నిమిషంలో పోయేది ఈ రెండున్నరేళ్లే.

గోదారిగట్టు:

ఇది బాగా అర్థమైంది. మరి ఎముక ఎంత కావాలి? ఏ ఎముకైనా ఒకటేనా?

ల్యాబ్‌కోటు:

సాధారణంగా 50 నుంచి 200 మిల్లీగ్రాముల పొడి, అంటే చిటికెడు. ఎముకలన్నీ ఒకటి కావు. చెవి వెనక లోపలుండే కణతి ఎముక గట్టి భాగం, పంటి వేరు చుట్టూ ఉండే పొర, తొడ ఎముక నడిమి భాగం మంచివి. పక్కటెముకలు మెత్తన, త్వరగా పాడవుతాయి. చిటికెడే కదా అని నాలుగుసార్లు ప్రయోగాలు చేయకూడదు, పిల్లల ఎముకలు చిన్నవి. ముందు కొంచెం పొడితో మనిషి డీఎన్‌ఏ ఎంత శాతం ఉందో చూసి, ఆ తర్వాతే పెద్ద పని మొదలెట్టాలి.

వంశవృక్షం:

దూరపు చుట్టం నుంచి బాబు దాకా ఎలా వచ్చారన్నది నేను చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అమెరికాలో కోట్ల మంది కిట్లు కొన్న పెద్ద కంపెనీలు పోలీసులని లోపలికి రానివ్వవు. దర్యాప్తులకు తలుపు తెరిచినవి ప్రధానంగా జెడ్‌మ్యాచ్, ఫ్యామిలీట్రీడీఎన్‌ఏ అనే వంశవృక్షం డేటాబేస్‌లు. వాటిలో ఉన్నది చిన్న గుంపు. అందుకే అన్నదమ్ములో, పినతండ్రో నేరుగా తగలడం అరుదు. తగిలేది సాధారణంగా ముత్తాతో, ఆయన తండ్రో ఒక్కరే అయిన చుట్టమే.

ఎంత డీఎన్‌ఏ కలిసిందో సెంటీమోర్గన్లలో కొలుస్తారు. తాత ఒక్కరే అయిన పిల్లల మధ్య సగటున 850 చిల్లర. ముత్తాత ఒక్కరే అయితే 230 దాపు. ముత్తాత తండ్రి ఒక్కరే అయితే 75 అటూ ఇటూ. సగటులే సుమా, ఈ చివరి వరసలో అసలు ఏమీ కలవకపోవడమూ ఉంటుంది. 230 వచ్చిందనుకోండి, ఆ చుట్టానికి ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి నాలుగు జంటలు. అందులో ఏ జంట మనవైపుదో తెలియదు. కాబట్టి నాలుగు జంటల సంతానాన్నీ కిందికి రాసుకుంటూ రావాలి. జనాభా లెక్కలు, పెళ్లి రిజిస్టర్లు, మరణ ప్రకటనలు, చర్చి పుస్తకాలు. ఇంకో చుట్టం తగిలితే వాళ్ల చెట్టూ గీస్తారు. రెండు చెట్లూ ఒక పెళ్లి దగ్గర కలిస్తే, వెతుకుతున్న మనిషి ఆ పెళ్లి కింద ఎక్కడో ఉన్నాడన్నమాట.

ఈ కేసులో కలిసినవి తల్లివైపు బంధువులతో. జన్యు వంశశోధకురాలు మిస్టీ గిల్లిస్ ఆ చెట్టు గీసి, తల్లి కాదగిన స్త్రీ దాకా వచ్చారు. అక్కడితో డీఎన్‌ఏ పని ఆగింది, కాగితం పని మొదలైంది. పెన్సిల్వేనియాలో పాత జనన పత్రాలు ఎవరడిగితే వాళ్లకి ఇవ్వరు, కోర్టు ఉత్తర్వు కావాలి. 1944 నుంచి 1956 మధ్య ఆ స్త్రీకి పుట్టిన పిల్లలందరి జనన, మరణ, దత్తత రికార్డులు ఇప్పించమని కోర్టుని అడిగారు. అందులో ఒక మగపిల్లాడి జనన పత్రం వచ్చింది. పుట్టింది 1953 జనవరి 13. తండ్రి పేరు రాసి ఉంది.

ఇక్కడ తొందరపడితే దెబ్బతింటారు. జనన పత్రంలో తండ్రి పేరు అంటే ఎవరో చెప్పగా రాసింది, అంతే. అందుకే తండ్రివైపు బంధువుల్లో కూడా డీఎన్‌ఏ కలవాలి. రెండు వైపులా కలిశాకే పేరు ఖాయం చేశారు. 2022 డిసెంబరు 8న పోలీసు కమిషనర్ డానియెల్ అవుట్‌లా ప్రకటించారు: జోసెఫ్ అగస్టస్ జరెల్లి.

అంటే గమనించండి, 65 ఏళ్లు బాబుని బాబుతోనే పోల్చడానికి చూశారు: ఫోటోకి ఫోటో, ముద్రకి ముద్ర. చివరికి దొరికింది చుట్టాల్ని చుట్టాలతో పోల్చాక.

కృష్ణాతీరం:

ఈ పద్ధతి మన ఆంధ్ర, తెలంగాణల్లో గుర్తు తెలియని మృతదేహాలకు పనిచేస్తుందా? హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ) ఉండనే ఉంది కదా.

వంశవృక్షం:

సీడీఎఫ్‌డీ లాంటి చోట తల్లిదండ్రులకీ పిల్లలకీ పోల్చే పరీక్షకి లోటు లేదండి. లోటు రెండో పక్కన. పోలీసులు వెతుక్కోగలిగే స్వచ్ఛంద వంశవృక్షం డేటాబేస్‌లో మన జనం బహు తక్కువ. గుర్తు తెలియని మృతుల డీఎన్‌ఏ సూచిక పెట్టాలన్న బిల్లుని కూడా 2023లో లోక్‌సభ నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఇంకో చిక్కు మనింటిదే, మేనరికం. మేనమామని చేసుకున్నా, మేనబావని చేసుకున్నా ఒకే పూర్వీకుడు చెట్టులో రెండు చోట్ల వస్తాడు. అక్కడ 230 సెంటీమోర్గన్లు కలిసిందంటే ముత్తాత ఒక్కరేనని అర్థం కాదు. నాలుగైదు దూరపు చుట్టరికాలు కలిసి ఆ అంకె చేరి ఉండొచ్చు. పైన చెప్పిన పట్టికని మన కుటుంబాలకు ఉన్నదున్నట్టు వాడితే ప్రతివాడూ అసలుకంటే దగ్గరి చుట్టంగా కనిపిస్తాడు. కలిసిన మొత్తాన్ని కాక, ఒక్కో ముక్క పొడవుని చూడాలి. పొడవాటి ముక్కలుంటే దగ్గరి బంధుత్వం, చిన్న ముక్కలు చాలా ఉంటే పాత బంధుత్వాల పోగు. మన వైపు కలిసొచ్చేది ఇంటిపేరు. పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు పెద్దవాళ్లకు నోటికి వస్తాయి.

పాతఫైలు:

చివరి ప్రశ్న. చంపిందెవరో ఎందుకు చెప్పరు?

జనన పత్రం 1953 జనవరి దగ్గర ఆగుతుంది. శవం 1957 ఫిబ్రవరిలో దొరికింది. మధ్య నాలుగేళ్లు ఆ బాబు ఎవరి చేతుల్లో ఉన్నాడన్నదే హత్య కేసు. తల్లిదండ్రులెవరో తెలిసినంత మాత్రాన పెంచిందెవరో తేలదు. కుటుంబం పశ్చిమ ఫిలడెల్ఫియాలో 61వ వీధి, మార్కెట్ వీధి ప్రాంతానిదని పోలీసులు చెప్పారు. తల్లిదండ్రులిద్దరూ ప్రకటన నాటికే చనిపోయారు. రెండు వైపులా తోబుట్టువులు బతికే ఉన్నారు. అనుమానాలున్నాయి గానీ బయటపెట్టడం బాధ్యత అనిపించుకోదని అధికారులు ఆ రోజే అన్నారు. నాకది సబబే అనిపిస్తుంది. చచ్చినవాడు కోర్టులో నిలబడి జవాబు చెప్పుకోలేడు, వాడి పిల్లలు వీధిలో తలెత్తుకోవాలి.

సాక్ష్యాల సంగతి చూస్తే, పెట్టె, దుప్పటి మీద ఈ రోజు డీఎన్‌ఏ వెతికినా దొరికింది ఎవరిదని చెబుతారు? 1957లో చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవడం మామూలు. సాక్షుల్లో అప్పటికి పెద్దవాళ్లైనవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడో, దాటో ఉండాలి. పెన్సిల్వేనియాలో హత్యకి కాలపరిమితి లేదు కాబట్టి ఫైలు మూయలేదు. 20,000 డాలర్ల బహుమానం ప్రకటించి ఉంది.

పాత వాదనలు రెండింటి గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. అక్కడికి మైలున్నర దూరంలోని పిల్లల సంరక్షణ గృహం వాదన మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు (అనుమానాస్పద మరణాల్ని పరీక్షించే ఆఫీసు) పరిశోధకుడు రెమింగ్టన్ బ్రిస్టోది. 1993లో పోయేదాకా ఆయన సొంత డబ్బు పెట్టి దీన్ని వదలకుండా తిరిగాడు. కానీ దారి చూపింది దివ్యదృష్టి ఉందన్న ఒకావిడ మాట. ఆ గృహానికీ హత్యకీ ముడి వేసే రుజువు రాలేదు. రెండోది 2002లో ‘ఎం’ అనే మారుపేరుతో ఒక స్త్రీ చెప్పింది: తన తల్లి ఆ బాబుని డబ్బిచ్చి కొన్నదని, స్నానాల గదిలో కొట్టి చంపిందని. నానిన చర్మం, కత్తిరించిన జుట్టు ఆ కథకి సరిపోయాయి, అందుకే చాలామంది నమ్మారు. ఆ ఇంటికి రాకపోకలున్న ఇరుగుపొరుగు మాత్రం అక్కడ అలాంటి పిల్లాడే లేడన్నారు. నానిన చర్మం, జుట్టు సంగతులు సరిపోయినంత మాత్రాన కథ నిజమైపోదు.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఒక్క చిన్న సందేహం. కరపత్రాల మీద వయసు 4 నుంచి 6 అని వేశారు. తీరా చూస్తే నాలుగేళ్లు నిండి నెల దాటిందంతే. అంత తేడా ఎలా వచ్చింది?

ల్యాబ్‌కోటు:

తప్పని చెప్పలేం, నాలుగు ఆ అంచనాలోనే ఉంది. ఎత్తు 40 అంగుళాలు, అంటే 101 సెంటీమీటర్ల పైచిలుకు. నాలుగేళ్ల మగపిల్లాడికి అది సగటుకి దగ్గరే. బరువు 30 పౌన్లు, పదమూడున్నర కిలోలు. ఆ వయసుకి సగటు పదహారు దాటాలి. ఎత్తు సరిగా ఉండి బరువు తగ్గిందంటే తిండి లేకపోవడం పుట్టినప్పటి నుంచీ కాకపోవచ్చు, చివరి కాలానిది కావచ్చు. కానీ 1957లో పిల్లాడి గతం తెలియదు. తిండి లేక ఎదుగుదలే ఆగిన ఆరేళ్లవాడు కూడా ఈ ఎత్తులోనే ఉండొచ్చు కాబట్టి పై అంచు పెంచారు.

పాతఫైలు:

దానికి మూల్యం కూడా ఉంది. ఆరేళ్లవాడైతే బడి రిజిస్టర్లో పేరు ఉండి, ఫిబ్రవరిలో హాజరు ఆగిపోవాలి. నాలుగేళ్లవాడు ఏ బడి రిజిస్టర్లోనూ ఉండడు.